స్పెన్సర్ కార్బైన్ కొనమంటారా? ముందు మా అమ్మ తోమిన తుపాకీ కథ వినండి

"స్పెన్సర్ కార్బైన్ ఒకటి అమ్మకానికొచ్చింది, గెటిస్‌బర్గ్ యుద్ధంలో వాడిందట, కొత్తదానిలా మెరిసిపోతోంది, కొనమంటారా?" అని అడిగారు. వద్దు. ఎందుకు వద్దో మీ ప్రశ్నలోనే రెండుసార్లు ఉంది.

అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు జరిగింది 1863 జులై 1 నుంచి 3 దాకా, ఇక్కడి పెన్సిల్వేనియాలోనే. కార్బైన్ అంటే ఆశ్విక దళం కోసం చేసిన పొట్టి తుపాకీ. స్పెన్సర్ కార్బైన్లు బోస్టన్ ఫ్యాక్టరీ నుంచి సైన్యానికి అందడం మొదలైంది అదే ఏడాది అక్టోబరులో. గెటిస్‌బర్గ్‌లో ఉత్తరాది జనరల్ కస్టర్ వెంట ఉన్న మిషిగన్ రౌతుల చేతుల్లో ఉన్నవి పొడుగు స్పెన్సర్ రైఫిళ్లు. ఈ ముక్క అమ్మేవాడి ముందు ఒకసారి అనండి, మాట మార్చేస్తాడు. పెన్సిల్వేనియాలో పన్నెండేళ్లుగా చూస్తున్నా, ఇక్కడ ప్రతి పాత తుపాకీ గెటిస్‌బర్గ్ నుంచే వస్తుంది. మన వైపు ప్రతి తుప్పు కత్తీ బొబ్బిలి యుద్ధందే అయినట్టు.

ఇక ఆ మెరుపు సంగతి.

నాదీ స్పెన్సరే, 1865 మోడల్, 20 అంగుళాల బ్యారెల్. 1899కి ముందు తయారైంది కాబట్టి అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో యాంటిక్, అంటే పురాతన వస్తువు కిందికి వస్తుంది. మీ రాష్ట్రం చట్టం మీరు విడిగా చూసుకోండి. దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. వెనక కర్రలోంచి సన్నటి గొట్టం బయటికి లాగి, లోపలికి ఏడు తూటాలు జారవిడిచి, గొట్టం మళ్లీ తోసేయాలి. ట్రిగ్గర్ కింద లివర్ కిందికి దించితే ఖాళీ తొడుగు బయటికి ఎగురుతుంది, పైకెత్తితే కొత్త తూటా లోపలికెళ్తుంది. హ్యామర్ మాత్రం ప్రతిసారీ వేలితో వెనక్కి లాగాల్సిందే. నేను పేల్చలేదు, లివర్ ఆడించి ఆ 'క్లక్' వినడమే నా ఆనందం.

ఓ ఏడాది దసరాకి అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. "ఇంట్లో ఇంత ఆయుధం పెట్టుకుని ఆయుధపూజకి కారుకి నిమ్మకాయలు కట్టి ఊరుకుంటావట్రా?" అంది. సరే, పూజలో పెడదాంలే అని ఆఫీసుకెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి హాల్లో పీట మీద నా కార్బైన్ తళతళలాడుతోంది. చింతపండు గుజ్జు, ఉప్పు, గిన్నెలు తోమే స్టీల్ పీచు. "ఎంత మకిలి పట్టిందిరా, రెండు గంటలు తోమాను" అని చేతులు చూపించింది. ఏమంటాను? దండం పెట్టుకుని ప్రసాదం తిన్నా.

ఆవిడ మకిలి అన్నది నూట యాభై ఏళ్లుగా ఇనుము మీద పేరుకున్న గోధుమ రంగు పొర. సేకరించేవాళ్లు డబ్బు పెట్టేది దానికే. ఫ్యాక్టరీలో పెట్టిన బ్యారెల్ నీలం, లివర్ దగ్గరి ఇనుము మీద నీలి గోధుమ మబ్బుల్లాంటి రంగులు కాస్తయినా మిగిలి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ప్రభుత్వం లక్షకి దగ్గరగా స్పెన్సర్ కార్బైన్లు కొంది, కాబట్టి తుపాకీ దొరకడం పెద్ద కష్టం కాదు. రంగు చెడకుండా దొరకడమే కష్టం. చింతపండు పులుపుకి నాది తెల్లగా పాలిపోయింది. ధర కట్టేవాడికి చూపిస్తే నేను పెట్టినదాంట్లో సగం చెప్పాడు. యూట్యూబ్‌లో పాత వస్తువుల్ని గరుకు కాగితంతో రుద్ది, బఫింగ్ యంత్రంతో మెరుగుపెట్టి "రిస్టోర్" చేసేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా అమ్మకి తెలియక చేసింది, వీళ్లకేమైంది?

మీరు చూసిన తుపాకీలో ముందు ఇనుము కాదు, కర్ర చూడండి. ఎడమవైపు సైన్యం తనిఖీ అధికారి కొట్టిన ముద్ర అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, గరుకు కాగితంతో రుద్దితే అరిగిపోయాయా? నాదాంట్లో ముద్ర భద్రంగా ఉంది, అమ్మ కర్ర జోలికి పోలేదు, బొట్టు పెట్టిందంతే. ధర కట్టేవాడు ఆ ఎర్ర మరక మీద టార్చి వేసి చాలాసేపు చూశాడు. రక్తమేమోనని ఆశపడ్డాడు పాపం. కుంకుమ అని చెప్పా.