బుష్ ఖర్చు 46 వేలు, మరి కారు ఖర్చు?

ప్రశ్న: మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. వయసు 38. హార్డ్‌వేర్ షాపు ఉంది. రెండేళ్ల కిందట బెంగళూరులో 2011 మోడల్ రెండు సీట్ల జర్మన్ స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో 14 లక్షలకు కొన్నాను. లోన్ లేదు. నంబరు ఇంకా కర్ణాటకదే. రెండు నెలలుగా ఆటోమేటిక్ గేరు ముందుకి పోయే డీ నుంచి వెనక్కి పోయే ఆర్‌కి వేస్తే వెనక ‘ఠంగ్’మంటోంది. ఘాట్‌లో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కినా అదే చప్పుడు. డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) మౌంట్ బుషులు, అంటే దాన్ని బిగించే చోట ఉండే రబ్బర్లు, పోయాయన్నారు. కంపెనీ వర్క్‌షాపు 2025 ఆగస్టులో 1,61,820 రూపాయల కొటేషన్ ఇచ్చింది. విశాఖపట్నంలో బయటి గ్యారేజీ 46,000 అంటోంది. సాలూరులో తెలిసిన లారీ మెకానిక్ రబ్బరు కూరి 6,000కి బిగించేస్తానంటున్నాడు. షాపులో తిరిగే డబ్బు తప్ప చేతిలో విడిగా ఏమీ లేదు. క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టనా (12 నెలలకి 16 శాతం), 5 లక్షల చీటీ పాడనా (ఇప్పుడైతే 60,000 దాకా తోసి పాడాలి), 4 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేయనా (దాని వడ్డీ 7 శాతం, దాని మీద అప్పైతే 8 శాతం అంటోంది బ్యాంకు)? పాప చదువుకని నెలకు 8,000 సిప్ నడుస్తోంది. మా ఆవిడైతే కారే అమ్మేయమంటోంది. రెండేళ్ల ఖర్చుల లెక్క జత చేశాను.

జవాబు: మీ ఆవిడ అడిగినదే పెద్ద ప్రశ్న. దాని దగ్గరికి వస్తాను. ముందు చప్పుడు సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఆగదు.

మా నాన్నగారికి పాత జీపు ఉండేది. దాని వెనక ఇరుసు మొత్తం ఒకే దూలం, డిఫరెన్షియల్ దాని కడుపులోనే ఉండేది. దానికి మౌంట్ అనే బాధ లేదు. మీ కారు అలా కాదు. వెనక చక్రాలు రెండూ విడివిడిగా పైకీ కిందికీ ఆడతాయి కాబట్టి డిఫరెన్షియల్‌ని కారు అడుగున ఉన్న ఫ్రేముకి బోల్టులతో బిగిస్తారు. ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు బుషులు ఉంటాయి. ఇంజన్ బలమంతా చక్రాలకు వెళ్లేది ఈ డిఫరెన్షియల్ గుండానే. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా అది మెలి తిరగబోతుంది, రబ్బరు పట్టి ఆపుతుంది. పద్నాలుగేళ్ల రబ్బరు వేసవి చెరువులా బీటలు తీస్తుంది. అప్పుడు ఆ బరువంతా ఊగి ఫ్రేముకి తగులుతుంది. మీరు వింటున్న ‘ఠంగ్’ అదే కావచ్చు.

కావచ్చు అనే అంటున్నాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు నుంచి డిఫరెన్షియల్ దాకా తిరుగుతూ వచ్చే పొడుగాటి కడ్డీ) దగ్గరి రబ్బరు కప్లింగ్ చిరిగినా, డ్రైవ్ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) జాయింట్లు అరిగినా, వెనక ఫ్రేము బుషులు పోయినా ఇంచుమించు ఇదే చప్పుడు వస్తుంది. అందుకని డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని ఆలోచించే ముందు కారుని లిఫ్ట్ ఎక్కించి, డిఫరెన్షియల్ కింద గడ్డపార లాంటి కడ్డీ పెట్టి ఎత్తి చూపించమనండి. మీరు పక్కనే నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకోండి. రబ్బరు నోరు తెరిచినట్టు విడిపోవడం మీ కంటికే కనిపిస్తుంది. ఈ పరీక్షకి వెయ్యో రెండు వేలో తీసుకుంటే ఇవ్వండి. మీరు పెట్టే ఖర్చులో ఇంత గిట్టుబాటయ్యేది ఇంకోటి ఉండదు.

ఇక మూడు కొటేషన్లు. కంపెనీ వాళ్ల కాగితం నిదానంగా చదివాను. విడిభాగాలు 96,000, దాని మీద 28 శాతం జీఎస్టీ. లేబరు 33,000, దాని మీద 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంటే అదే కాగితం ఇప్పుడు రాయిస్తే 1,52,220 అవ్వాలి. ఉత్తినే 9,600 తేడా. దానికన్నా పెద్ద విషయం ఇంకోటి ఉంది. బుషులతో పాటు రెండు డ్రైవ్ షాఫ్టులు కూడా ‘ఎందుకైనా మంచిది’ అని రాసేశారు. అవి పోయాయని ఎవరూ చూపించలేదు. చూపించమనండి, లేకపోతే కొట్టేయమనండి.

సాలూరు మెకానిక్ మాట కొట్టిపారేయను. లారీల ఊరు అది, ప్రెస్ మెషీన్ మీద బుష్ లాగడం వాళ్లకి చేతికి అలవాటైన పని. కానీ కూరిన రబ్బరుకి కొలత ఉండదు. మరీ మెత్తనైతే నెలకే మళ్లీ ఊగుతుంది. గట్టిదైతే చప్పుడు తగ్గినా అదురు నేరుగా మీ సీటు కిందికి వస్తుంది, ఫ్రేము మీద భారం పడుతుంది. డిఫరెన్షియల్ ఒక పక్కకి వాలి కూర్చుంటే షాఫ్ట్ కోణం మారి, ముందు కప్లింగూ, తర్వాత షాఫ్ట్ డిఫరెన్షియల్ లోపలికి వెళ్లే చోట ఆయిల్ కారకుండా ఆపే పినియన్ సీలూ పోతాయి. 6,000 పని కాస్తా లక్ష దాటేది అలాగే. రబ్బరుకి బదులు పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి దానితో చేసిన బుషులు వేయమని కూడా ఎవరైనా చెబుతారు. రేసు ట్రాకు మీద తిప్పేవాళ్లకి అవి బాగుంటాయి, గట్టిగా ఉంటాయి. మీరు నెలకి రెండు సార్లు కోరాపుట్ దాకా వెళ్లొచ్చే మనిషి, ఆ గట్టిదనం వల్ల లోపలికి వచ్చే మోత భరించాల్సిన పని లేదు.

కాబట్టి నా ఓటు విశాఖపట్నం గ్యారేజీకే. అయితే 46,000లో ఏమేమి ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్క బుష్ మార్చి ఊరుకుంటారా, ముందూ వెనకా సెట్ మొత్తమా? సెట్టే వేయించండి. డిఫరెన్షియల్ దించే లేబరు రెండింటికీ ఒక్కటే, మళ్లీ దించితే మళ్లీ లేబరు. ఒకసారి విప్పితే తిరిగి వాడకూడని బోల్టులు ఉంటే కొత్తవి వేస్తారా? గేరాయిల్ మారుస్తారా? జీఎస్టీ కలిపారా, బిల్లు ఇస్తారా? పని మీద ఎన్ని నెలల వారంటీ?

ఇన్సూరెన్స్‌లో వస్తుందేమోనని మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. రాదు. అరుగుదలకి మోటారు పాలసీ డబ్బివ్వదు.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి. చీటీని అస్సలు ముట్టుకోవద్దు. ఇప్పుడు పాడితే 60,000 దాకా తోసి పాడాలని మీరే రాశారు. 46,000 పని కోసం 60,000 వదులుకుంటారా? కార్డు ఈఎంఐ 12 నెలలకి 16 శాతం అన్నారు. నెలకి సుమారు 4,174 చొప్పున కడితే వడ్డీ 4,085, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 735, ప్రాసెసింగ్ ఫీజు వేరే. దాదాపు ఐదు వేలు ఊరకే పోతుంది. ఎఫ్‌డీ బ్రేక్ చేయనక్కర్లేదు, దాని మీదే అప్పు తీసుకోండి. మీ ఎఫ్‌డీ 7 శాతం, అప్పు 8 శాతానికి ఇస్తామని మీ బ్యాంకు చెప్పిందన్నారు. నాలుగు నెలల్లో నాలుగు సమాన వాయిదాల్లో తీర్చేస్తే వడ్డీ ఎనిమిది వందలు దాటదు. గల్లా పెట్టెలోంచి మాత్రం తీయకండి. సిమెంటు లోడు వచ్చిన రోజున డీలరుకి బుష్ కథ చెప్పలేరు.

ఇక మీ ఆవిడ ప్రశ్న. మీ కాగితంలో ఇలా ఉంది: టైర్లు 72,000, ఇన్సూరెన్స్ రెండేళ్లకి 58,000, ఆయిల్ సర్వీసులు 41,000, మడిచే రూఫ్ రిపేరు 34,000, బ్యాటరీ 19,000. కూడితే 2,24,000. నెలకి 9,333. ఈ రెండేళ్లలో మీరు తిరిగింది 5,200 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకి 43 రూపాయలు, పెట్రోలు పోయకుండానే. జయపురం నుంచి విశాఖపట్నం పోయి రావడానికి సుమారు 450 కిలోమీటర్లు వేసుకోండి, ఏమీ పాడవకుండానే పంతొమ్మిది వేల పైన.

బుష్ బిల్లు చూసి మీకు టెన్షన్ పట్టుకుంది గానీ, మీ కారు ఐదు నెలల్లో మామూలుగా తినేదే 46,000. ఇది హఠాత్తుగా వచ్చిన ఖర్చు కాదు. పాత స్పోర్ట్స్ కారుకి నెల జీతం లాంటిది, మీరు జీతం కవరు పక్కన పెట్టలేదంతే. పాప సిప్ 8,000, కారు 9,333. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి మీ ఆవిడకి చూపించండి, ఏమంటారో వినండి. నాకైతే సిప్ 10,000 దాటాక కారు ఉంచుకుంటే అభ్యంతరం లేదు. అందరికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది. నాది గడియారాలు.

కానీ అసలు పెద్ద ఖర్చు బుష్ వెనకాల నిలబడి ఉంది. 2011 ఆగస్టులో రిజిస్టరైన కారుకి 2026 ఆగస్టుతో పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్సీ రెన్యువల్ చేయించాలి. మామూలు కారుకైతే ఫీజు 5,000. మీది పూర్తిగా బయటి దేశంలో తయారై వచ్చిన కారు, ఆర్సీలో అలా నమోదై ఉంటే ఫీజు 40,000. ఫిట్‌నెస్ పరీక్ష వేరే. డిఫరెన్షియల్ ఊగుతుంటే ఆ పరీక్ష గట్టెక్కడం కూడా కష్టం. ఇలా చేయించిన రెన్యువల్ ఐదేళ్లు చెల్లుతుంది.

ఇంకో చిక్కు. కర్ణాటక నంబరుతో ఒడిశాలో రెండేళ్లుగా తిప్పుతున్నారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం 12 నెలలు దాటితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి బెంగళూరు ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి, ఒడిశాలో పన్ను కట్టాలి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగానికి రీఫండ్ అడగవచ్చు గానీ అది ఎప్పుడొస్తుందో చూసి ఖర్చు పెట్టుకునే డబ్బు కాదు. కోరాపుట్ ఆర్టీవోలో మీ కారు పాత ఇన్‌వాయిస్ ధర చెప్పి పన్ను ఎంతో లెక్క కట్టించుకోండి. ఆ అంకె, 40,000, మీ నెలవారీ 9,333 మూడూ కలిపి చూశాకే ఉంచడమా అమ్మడమా తేల్చండి.

అమ్మాలనుకున్నా బుష్ వేయించే అమ్మండి. కొనేవాడు కూర్చోగానే చేసే మొదటి పని డీ నుంచి ఆర్‌కి వేసి చూడడం. ‘ఠంగ్’ అనగానే లక్ష తగ్గించమంటాడు, 46,000కి బాగవుతుందని మీరు చెప్పినా నమ్మడు. ఆర్సీలో ఏడెనిమిది నెలలు మిగిలి ఉండగా అమ్మితే 40,000 ఫీజు బేరం కూడా కొంత తప్పుతుంది. ఉంచుకుంటే ఆర్సీ రెన్యువల్‌కి పెట్టే ఫారం 25 దరఖాస్తు గడువుకి 60 రోజుల ముందు నుంచే తీసుకుంటారు, కాబట్టి జూన్‌లో మొదలుపెట్టండి. ఎన్‌వోసీ పని మాత్రం ఈ నెలలోనే.

విశాఖపట్నం వెళ్లేటప్పుడు సుంకి ఘాట్ దిగుతూ గేరు మాన్యువల్‌లో పెట్టి ఒకే గేరులో నెమ్మదిగా దిగండి. యాక్సిలరేటర్ నొక్కుతూ వదులుతూ పోతే ఆ మిగిలిన రబ్బరు సాలూరు దాకా కూడా రాకపోవచ్చు. పాత బుషులు గ్యారేజీలో వదిలేయకుండా సంచీలో వేసి తెచ్చుకోండి. బిల్లుతో పాటు అవి కూడా చూపిస్తే కొనేవాడు నోరెత్తడు.