నీ పాము ఒంటిగంటకే ఎందుకు బయటికి వచ్చింది?

మూలాపేట, నెల్లూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, కావలి నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటూ, అదే గదిలో గాజు పెట్టెలో మీ తమ్ముడు పెంచుతున్న బాల్ పైథాన్ అనే ఆఫ్రికా పాము రాత్రంతా ఏం చేస్తుందో చూసి రాయాలనిపించడమే మెచ్చుకోవలసిన సంగతి. మన జిల్లాలో పాము గురించి రాసేవాళ్లు ఎక్కువగా నాగులచవితి దగ్గరే ఆగిపోతారు.

నాకు నచ్చిన వాక్యం ముందు చెబుతాను, పెట్టెలో అది దాక్కునే డబ్బా గురించి రాసింది. 'డబ్బా రంధ్రంలోంచి తల సగం బయటపెట్టి ఇరవై నిమిషాలు అలాగే ఉండిపోయింది, నాలుక మాత్రం ఆడుతోంది.' దీన్ని ఎవరూ దిద్దలేరు. ఆ పాము బతుకంతా ఇందులో ఉంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి భూముల్లో అది పగలు ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో పడుకుంటుంది. పొద్దుగూకాక కదులుతుంది. వేటాడటమంటే దానికి పరుగెత్తడం కాదు, కాచుకుని కూర్చోవడం. నాలుకతో వాసన పట్టుకుంటుంది. పై పెదవి వెంబడి ఉన్న చిన్న గుంటలతో వెచ్చటి ప్రాణి ఎక్కడుందో చీకట్లోనే పసిగడుతుంది. నువ్వు చూసిన ఆ ఇరవై నిమిషాలు అది ఊరికే లేదు, పనిలో ఉంది.

ఆ వాక్యం పక్కనే 'చీకటి తాండవం', 'పగబట్టిన చూపు', 'రాత్రి రాజ్యపు మహారాణి' ఎందుకు వచ్చి కూర్చున్నాయి? ఇరవై నిమిషాలు కదలని ప్రాణికి తాండవం ఎక్కడిది? పాముకు కనురెప్పలు ఉండవు, నిద్రలో కూడా కళ్లు తెరిచే ఉంటాయి. దాని చూపు ఎప్పుడూ ఒకటే. ఆ పగ నువ్వు తెచ్చిపెట్టింది. ఇక మహారాణి సంగతి. అది మగదని మీ తమ్ముడు చెప్పినట్టు ఐదో పేరాలో నువ్వే రాశావు!

అసలు విషయానికి వస్తాను. రెండో పేజీలో 'నేను అలసిపోయేదాకా ఆగి, నా కన్ను మూతపడే వేళ చూసి, ఒంటిగంటకు అది బయటికి వచ్చింది' అని రాశావు. చదవడానికి బాగుంది. కానీ మొదటి పేజీలో, ఇంకేదో చెబుతూ, రోజూ పన్నెండు ముప్పావుకు ట్యూబులైటు ఆపేస్తానని అన్నావు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడు. పాము నీ అలసట కోసం ఆగలేదు, దీపం ఆరడం కోసం ఆగి ఉండవచ్చు. గది వెలుగుతున్నంతసేపూ దానికి ఇంకా పొద్దుగూకలేదు. నీ వ్యాసంలో ఉన్న అతి మంచి సంగతి ఇదే. రెండు పేజీల మధ్య పడిపోయి నీకే కనబడలేదు.

నాలుగో పేజీలో దీనికి సాక్ష్యం కూడా ఉంది. ఒకరోజు రాత్రి ఎనిమిది గంటలకు కరెంటు పోయిందని, కొవ్వొత్తి వెతికి తెచ్చేలోగా పాము డబ్బాలోంచి పూర్తిగా బయటికి వచ్చేసి ఉందని రాశావు. దాన్ని 'అరిష్టం' అన్నావు. అరిష్టం లేదు, ఏమీ లేదు. ఒక మూడు రాత్రులు పదింటికే దీపం ఆపి, ఎన్నింటికి తల బయటపెట్టిందో కాగితం మీద రాసుకో. మరో మూడు రాత్రులు మామూలుగా చదువుకో. చదువు పాడవుతుందంటావా, హాల్లో కూర్చుని చదువుకో. నీ వ్యాసంలో ఇప్పటిదాకా పాము ఒక్కటే పాత్ర అనుకున్నావు. నువ్వూ నీ ట్యూబులైటూ కూడా పాత్రలే.

నేనూ ఒకప్పుడు ఇలాంటి పనే చేశాను. నా తొలినాటి కథల్లో ఒకదాంట్లో నాగుపాము అర్ధరాత్రి దొడ్లోకి వచ్చి గిన్నెలో పాలు తాగి వెళుతుంది. అచ్చయింది కూడా. కోతల కాలంలో మా పొలంలో ఎలుకలు పట్టడానికి ఒక యానాది పెద్దాయన వచ్చేవాడు. గర్వంగా ఆయనకు కథ వినిపించాను. అంతా విని, 'నువ్వు చూశావా అయ్యా?' అని ఒక్క మాట అడిగాడు. నేను నీళ్లు నమిలాను. ఆయన నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి రెండు బొరియలు చూపించాడు. ఒకదాని నోటికి అడ్డంగా సాలెగూడు ఉంది. 'రాత్రి దీంట్లోంచి ఎవరూ బయటికి రాలేదు' అన్నాడు. రెండోదాని ముందు మట్టి కొత్తగా, ఇంకా తడిగా ఉంది. పలుగు అక్కడ వేశాడు. ఆయన రాత్రంతా మేలుకోలేదు, అయినా రాత్రి ఏం జరిగిందో తెలుసు.

నువ్వూ అలా చేయవచ్చు. పడుకునే ముందు డబ్బా రంధ్రానికి చిన్న కాగితం ముక్క ఆనించి పెట్టు. తెల్లారి పడిపోయి ఉంటే అది బయటికి వచ్చిందన్నమాట. పెట్టెలో పరిచిన కొబ్బరి పొట్టు మీద పడిన చార ఎటు పోయింది, నీళ్ల గిన్నె చుట్టూ తడిసిందా, పక్కకు జరిగిందా, చూసి రాసుకో. నువ్వు నిద్రపోయిన గంటల గురించి కల్పించనక్కరలేదు.

'జలక్రీడలు' అనే మాటను కొట్టేశాను. మాట పాతబడిందని కాదు, ప్రమాదమని. బాల్ పైథాన్ గంటల తరబడి నీళ్ల గిన్నెలో పడి ఉందంటే, కుబుసం విడవబోతూ ఉండవచ్చు, ఒంటి మీద పేలలాంటి పురుగులు పట్టి ఉండవచ్చు, లేదా వేడికి తాళలేక కావచ్చు. పుస్తకాల్లో దాని పెట్టెకు ఒక పక్క 31, 32 డిగ్రీల వెచ్చదనం, మరో పక్క 26 డిగ్రీల చల్లదనం ఉండాలంటారు. రోహిణీ కార్తెలో మన ఇళ్లలో ఆ చల్లటి పక్క ఎక్కడిది? మే నెలలో కింద వేడినిచ్చే మ్యాటును ఇంకా ఆపలేదేమో మీ తమ్ముణ్ణి అడుగు. నువ్వు క్రీడ అని రాస్తే చదివినవాళ్లు ముచ్చటపడి ఊరుకుంటారు. కళ్లు నీలంగా మసకబారాయా అని రాస్తే, అది కుబుసానికి ముందు వచ్చే గుర్తని తెలిసినవాడు వెంటనే పోల్చుకుంటాడు.

అలాగే, గాజుకు ముక్కు రాస్తూ రాత్రంతా తిరిగితే అది 'షికారు' కాకపోవచ్చు. ఆకలి కావచ్చు, దాక్కునే చోటు ఇరుకై ఉండవచ్చు, వేడి కుదరక కావచ్చు. తిన్న తరువాత రెండు రోజులు డబ్బా వదలకపోవడం మాత్రం మామూలే. కార్తీకంలో తిండి ముట్టకుండా రాత్రుళ్లు అదేపనిగా తిరిగిందని, 'అలిగింది' అని రాశావు చూడు, అక్కడ నవ్వుకున్నాను. ఈడొచ్చిన మగ పాములు జతకట్టే కాలంలో అలాగే చేస్తాయి. అక్కడ కావాలంటే విరహం అని రాసుకో, నేను కొట్టేయను.

ఇంకొక చిన్న సంగతి. వ్యాసమంతటా దాన్ని 'కొండచిలువ' అన్నావు. ఒకే కుటుంబమే కానీ మన కొండచిలువ వేరు. అది పది అడుగులకు పెరుగుతుంది, ఇది మూడు నుంచి అయిదు. బెదిరితే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది కనుక ఆ పేరు. మన కొండచిలువను ఇంట్లో పెంచడం నేరం. నీ వ్యాసం చదివి ఏ కుర్రాడో వెలిగొండల నుంచి ఒకదాన్ని సంచిలో వేసుకొస్తే? బాల్ పైథాన్‌కు కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తరువాత వచ్చిన 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కావాలి. మీ తమ్ముడు చేయించాడో లేదో కనుక్కుని, ఆ ముక్క కూడా ఒక వాక్యంలో రాయి.

తిరగరాసి పంపు, తొందరలేదు. మార్జిన్లలో ఎర్ర గీతలు చూసి బెంగపడకు, నా కాగితాల మీద ఇంతకన్నా ఎక్కువ ఉంటాయి. ఒక్కటి మాత్రం మర్చిపోకుండా చెప్పాలి. కరెంటు పోయిన ఆ రాత్రి, మళ్లీ కరెంటు వచ్చి దీపం వెలిగిన క్షణాన పాము ఏం చేసింది? నువ్వు అక్కడే ఉన్నావు, చూసే ఉంటావు. ఆ సంగతి వ్యాసంలో లేదు.