వేడి, పొడి వాతావరణంలో వసంతకాలపు పెరటి తోట: ఎండలు ముదిరేలోపు వేళ్లు దిగాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉండే చోట ఇల్లు. చలి తగ్గగానే ఏటా మొక్కలు నాటుతున్నారు. నెలన్నర దాకా కళకళలాడి, ఎండలు ముదరగానే మాడిపోతున్నాయి. రోజూ నీళ్లు పోస్తున్నా ఎందుకిలా జరుగుతోంది, ఈసారి ఏం చేయాలి అని అడిగారు. ఇలాంటి వాతావరణంలోనే ఏళ్ల తరబడి పెరడు చూసుకుంటున్నాను కాబట్టి, నాకు ఫలితమిచ్చిన పద్ధతులు చెబుతాను.

తోటపని గురించి మనం చదివే సలహాల్లో చాలావరకు చల్లని ప్రాంతాల వాళ్లు రాసినవే. చలి ఎప్పుడు పోతుందన్నదే వాళ్ల చింత. మనం చూసుకోవలసింది ఎండ ఎప్పుడు ముదురుతుందన్నది. మీ దగ్గర పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటడం మామూలుగా ఎప్పుడు మొదలవుతుందో గుర్తుచేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేయండి. టమాటానే తీసుకోండి. నారు నాటాక పండు చేతికి రావడానికి రకాన్నిబట్టి 60 నుంచి 80 రోజులు పడుతుంది. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కిందికి దిగకపోయినా పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. అంటే ఆలస్యంగా నాటిన టమాటా ఆకు వేస్తుంది, పూస్తుంది, కాయ మాత్రం నిలబడదు. అందుకే చలి పూర్తిగా పోకముందే నారు పోసుకుని, రాత్రులు 10 డిగ్రీల పైన స్థిరపడగానే నాటేస్తాను. చెర్రీ టమాటా రకాలు వేడికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి, మొదటిసారి వాటితో మొదలుపెట్టడం మేలు.

ఇక రోజూ నీళ్లు పోసే విషయం. నా అనుమానమంతా దాని మీదే. రోజూ కాసిని పోస్తే పైన రెండు మూడు అంగుళాల మట్టే తడుస్తుంది. తడి ఎక్కడుంటే వేళ్లూ అక్కడే ఆగిపోతాయి. ఎండాకాలంలో మొదట కాలేది ఆ పై పొరే, దాంతోపాటే వేళ్లూ ఉడికిపోతాయి. వసంతంలో మనం నిజంగా చేయవలసిన పని వేళ్లను కిందికి దింపడం. అందుకు తడులు తక్కువసార్లు ఇవ్వాలి, ఇచ్చినప్పుడు లోతుగా దిగేలా ఇవ్వాలి.

లోతుగా దిగిందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. నీళ్లు పెట్టిన మర్నాడు సన్నని ఇనుప చువ్వను మట్టిలోకి గుచ్చండి. తడి ఉన్నంత మేర సులువుగా దిగి, పొడి మట్టి తగలగానే టక్కున ఆగుతుంది. కూరగాయలకు కనీసం 20, 30 సెంటీమీటర్లు దిగాలి, చెట్లకు 60 దాకా కావాలి. చదరపు మీటరుకు 25 లీటర్లు పోస్తే 25 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు. ఇసుక నేలలో అది సుమారు 30 సెంటీమీటర్లు దిగుతుంది, బంకమట్టిలో అందులో సగం కూడా దిగదు. డ్రిప్ ఉన్నవాళ్లూ ఇక్కడ పొరబడుతుంటారు. గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్‌ను పది నిమిషాలు నడిపితే మొక్కకు చేరేది ముప్పావు లీటరు కూడా ఉండదు. రోజూ పది నిమిషాలకు బదులు, మట్టి ఆరాక గంటో గంటన్నరో నడపండి. ఏ తడి అయినా తెల్లవారుజామున ఇస్తే ఆవిరయ్యేది తక్కువ.

నీటి కొరత మరీ ఎక్కువైతే మట్టికుండలు పాతడాన్ని మించిన పద్ధతి నాకు కనిపించలేదు. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటే ఉన్న పద్ధతి ఇది. మెరుగు పూయని కుండను మూతి మాత్రం పైకి ఉండేలా పాతి, నీళ్లు నింపి మూత పెట్టాలి. మూత లేకపోతే నీళ్లు ఆవిరైపోతాయి, దోమలూ చేరతాయి. చుట్టూ మట్టి ఆరేకొద్దీ కుండ గోడల్లోంచి నీటిని పీల్చుకుంటుంది, తడిగా ఉంటే ఊట తగ్గిపోతుంది. పంట అయిపోయాక కుండను తవ్వి తీస్తే, దాని ఒంటిని వలలా అల్లుకున్న సన్నటి తెల్లని వేళ్లు కనిపిస్తాయి. నీళ్లు ఎక్కడున్నాయో మొక్క ఎంత బాగా కనిపెడుతుందో అప్పుడు తెలుస్తుంది. బీర, సొర లాంటి తీగలకు కుండ చుట్టూ విత్తనాలు పెడితే చాలా బాగా వస్తాయి.

మడులు ఎత్తుగా కట్టకండి. వాన ఎక్కువ పడే చోట నీరు నిలవకుండా ఉండేందుకు ఎత్తు మడులు కావాలి. మన దగ్గర అవి నాలుగు వైపులా ఎండకు కాలి త్వరగా ఆరిపోతాయి. నేల మట్టం కంటే కాస్త పల్లంగా చేసి, చుట్టూ గట్టు కట్టిన పాదులే మేలు. పోసిన ప్రతి చుక్కా మొక్క దగ్గరే ఉంటుంది, వేడిగాలి నుంచి లేత మొక్కకు చాటూ దొరుకుతుంది. తవ్వుతున్నప్పుడు గునపానికి తెల్లటి సున్నపు పొర తగిలితే దాన్ని పగలగొట్టి, నీళ్లు కిందికి ఇంకుతున్నాయని చూసుకున్నాకే నాటండి. ఆ పొర మీద నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. నాటేముందు బాగా మాగిన ఎరువు రెండంగుళాల మందాన పరిచి మట్టిలో కలపండి. పచ్చి ఎరువు వద్దు.

నాటిన వెంటనే మట్టిని కప్పేయాలి. ఎండుగడ్డి, ఎండుటాకులు, చెక్క పొట్టు ఏది దొరికితే అది 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. విత్తనాలు వేసిన చోట మొలకలు బెత్తెడు ఎత్తు వచ్చాక కప్పండి.

ఏం వేయాలంటే, వసంతం మొదట్లో టమాటా, వంగ, మిరప నారు. నేల వెచ్చబడ్డాక బెండ, అలసంద, గోరుచిక్కుడు, తోటకూర, తీగజాతులు నేరుగా విత్తనాలు పెట్టవచ్చు. వీటికి ఎండ అంటే భయం లేదు, మండు వేసవిలోనూ కాస్తాయి. పాలకూర, కొత్తిమీర, ముల్లంగి ఇప్పుడు వేసినా పగళ్లు పొడవవగానే, వేడి పెరగగానే పూతకు వచ్చేస్తాయి. వాటిని చలికాలానికి వదిలేయండి.

ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. క్షారపు నేలల్లో ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకు అందదు. నేల క్షారగుణాన్ని చెప్పే పీహెచ్ కొలత 7.5 దాటిన చోట చీలేటెడ్ ఐరన్ (మొక్క పీల్చుకోగల రూపంలో ఉన్న ఇనుము) ఈడీడీహెచ్‌ఏ రకం కొనండి, ఈడీటీఏ రకం ఆ నేలలో నిలవదు. ఆకు అంచులు మాడుతూ, మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే అది లవణం. అలాంటప్పుడు ఎరువులు ఆపి, మామూలు కంటే రెట్టింపు నీళ్లతో ఒక భారీ తడి ఇచ్చి ఆ లవణాన్ని వేళ్ల కిందికి కడిగేయాలి. ఆకుల అడుగున సన్నటి సాలెగూడు, పైన పసుపు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి వచ్చినట్టు. పొడి వేడి అంటే దానికి ప్రాణం. మందులకు ముందు ఆకుల అడుగు భాగాన్ని రెండు మూడు రోజులకోసారి నీటి ధారతో గట్టిగా కడిగి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

35 డిగ్రీలు దగ్గరపడుతున్నప్పుడు పడమటి వైపు 30 నుంచి 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టండి. ఉదయపు ఎండ తగలనివ్వండి, మధ్యాహ్నం తర్వాతి ఎండే మొక్కను దెబ్బతీసేది. ఆ వేళ ఎంత తడి ఉన్నా వెడల్పాటి ఆకులు వాలిపోతాయి, ఆవిరయ్యేంత వేగంగా వేళ్లు నీళ్లు అందించలేవు కాబట్టి. అది చూసి వెంటనే నీళ్లు పట్టకండి. సాయంత్రానికి తేరుకుంటే దానికి ఏ లోటూ లేదు. తెల్లవారాక కూడా ఆకులు వాలే ఉంటే మట్టిలోకి చువ్వ గుచ్చి చూడండి. పొడిగా ఉంటే తడి ఇవ్వాలి, తడిగా ఉంటే వేళ్లకు కుళ్లు పట్టిందేమో తవ్వి చూడాలి.