కాలు కన్నా కుర్చీ ముఖ్యం

తమ్ముడూ,

మమోరు షిగెమిత్సు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఎత్తుగడ బాగుంది. 1945 సెప్టెంబరు 2న, పొడుగు టోపీ పెట్టుకున్న జపాన్ విదేశాంగ మంత్రి కొయ్యకాలితో మిస్సోరి యుద్ధనౌక ఎక్కి లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టడం కళ్ళకు కట్టింది. కానీ ఆ కాలి మీద జాలితోనే వ్యాసమంతా లాక్కొచ్చేశావు. నా పేచీ అక్కడే.

ఆ కాలు షాంఘైలో పోయింది. 1932 ఏప్రిల్ 29న, హాంక్యూ పార్కులో జపాన్ చక్రవర్తి పుట్టినరోజు వేడుక జరుగుతుండగా బాంబు పడింది. విసిరింది యున్ బాంగ్ గిల్ అనే కొరియా యువకుడు. అతని దేశాన్ని జపాన్ 1910లోనే కలిపేసుకుంది. నువ్వు అతని పేరు కూడా రాయలేదు. గాయపడినవాడి మీద అంత శ్రద్ధ పెట్టినప్పుడు, బాంబు వెనక కారణానికి నాలుగు వాక్యాలైనా ఇవ్వాలి కదా.

ఇక 1943 ఏప్రిల్ నుంచి రెండేళ్ళు. ప్రధాని తోజో మంత్రివర్గంలో, ఆ తర్వాత ప్రధాని కోయిసో దగ్గర షిగెమిత్సు విదేశాంగ మంత్రి. 1943 నవంబరులో టోక్యోలో ఆసియా దేశాల సమావేశం జరిగింది. సుభాష్ చంద్రబోస్ పరిశీలకుడిగా వెళ్ళాడు. మన పాఠకుడు ఠక్కున ఆగి చదివే చోటది, నువ్వేమో ఒక్క పేరాలో దాటేశావు! ఆసియా విముక్తి గురించి అన్ని తీర్మానాలు చేసినవాళ్ళు కొరియాను మాత్రం వదల్లేదు.

అసలు మనిషి దొరికేది యుద్ధఖైదీల విషయంలో. వాళ్ళను హింసిస్తున్నారని జపాన్‌తో పోరాడుతున్న మిత్రదేశాల నుంచి నిరసనలు వచ్చింది ఆయన శాఖకే. అనుమానం వచ్చాక గట్టిగా పట్టుబట్టాల్సింది, అవసరమైతే రాజీనామా చెయ్యాల్సింది అని యుద్ధం తర్వాత జపాన్ నేతలను విచారించిన టోక్యో ట్రిబ్యునల్ అంది. ఏడేళ్ళ శిక్ష వేసింది. ఆ కేసులో అన్నిటికన్నా తక్కువ శిక్ష అదే. మరో మాజీ విదేశాంగ మంత్రి హిరోటాను ఉరి తీశారు. యుద్ధం వద్దనుకున్న మనిషి కుర్చీ ఎందుకు వదల్లేదు? నీ వ్యాసం ఈ ప్రశ్న దగ్గర కూర్చోవాలి. జవాబు నువ్వు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. నిందితులందరూ నిర్దోషులేనన్న, ఆ ట్రిబ్యునల్‌లోని భారత న్యాయమూర్తి జస్టిస్ రాధావినోద్ పాల్ తీర్పును షిగెమిత్సుకు సర్టిఫికెట్‌లా వాడావు. దురాగతాలు జరగలేదని పాల్ అనలేదు. అది కూడా రాయి.

1956 డిసెంబరులో జపాన్ ఐక్యరాజ్యసమితిలో చేరినప్పుడు షిగెమిత్సు చేసిన ప్రసంగం, నలభై రోజులు తిరక్కుండా జనవరి 26న మరణం... ఆ పేరా ముట్టుకోకు, చక్కగా కుదిరింది. మధ్య భాగం తిరగరాసి పంపు. నిడివి పెరిగితే టెన్షన్ పడకు, కోతలు తర్వాత చూసుకుందాం.