ఇక్కడ బిగించినంత మాత్రాన ఇక్కడిది అయిపోదు

తంబుచెట్టి వీధి, చెన్నై

చి. సుమకు మామయ్య ఆశీస్సులు.

అంబత్తూరులో నువ్వు తయారుచేస్తున్న బ్యాటరీ చార్జర్ల కోసం వియత్నాం నుంచి ఒకరు, జర్మనీ నుంచి ఒకరు అడుగుతున్నారని అక్కయ్య చెప్పింది. మనసు నిండిపోయింది. నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్న మాత్రం రెండు నిమిషాల్లో తేలేది కాదు. "భాగాలు ఎక్కడివైతేనేం, బిగించేది ఇక్కడే కదా మామయ్యా, మేడ్ ఇన్ ఇండియా అని వేసేయనా?" అన్నావు. కస్టమ్స్ బ్రోకరుగా ఈ వీధిలో నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. పెట్టెలు సిద్ధమై, ఓడకు టైము దగ్గరపడ్డాక అడుగుతారు. అప్పటికి నేను చేయగలిగింది చాలా తక్కువ. నువ్వు ఇంకా భాగాలకు ఆర్డరు పెట్టకముందే అడిగావు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఆ ప్రశ్న ఎవరు అడుగుతున్నారో తెలుసుకో. మూలదేశాన్ని, అంటే వస్తువు ఏ దేశానిదిగా లెక్కించాలో, తేల్చడానికి ప్రపంచమంతటికీ ఒకే నియమం లేదు. 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం అలాంటి ఉమ్మడి నియమావళి తయారుచేయాలని చెప్పింది గానీ, ఆ పని ఇంతవరకు ముగియలేదు. కాబట్టి సరుకు దిగే దేశం తన చట్టంతో తేలుస్తుంది. సుంకం తగ్గించమని అడిగితే, ఆ రెండు దేశాల మధ్య ఉన్న ఒప్పందం తేలుస్తుంది. మన ప్రభుత్వ టెండరుకు వెళితే లెక్కే వేరు: 2017 నాటి మేక్ ఇన్ ఇండియా కొనుగోలు ప్రాధాన్య ఉత్తర్వు ప్రకారం స్థానిక విలువ 50 శాతం ఉంటే మొదటి తరగతి సరఫరాదారువి, 20 నుంచి 50 లోపు ఉంటే రెండో తరగతి. ఒకే చార్జరు ఒకచోట భారతీయం అనిపించుకుని, మరోచోట కాకపోవచ్చు. ఇందులో తప్పేమీ లేదు. ఒక చోటికి రాసిన జవాబును ఇంకో చోటికి నకలు చేయడమే తప్పు.

జర్మనీ సంగతి చూద్దాం. భారత్ నుంచి వచ్చిందా, మరో చోటి నుంచి వచ్చిందా అన్నది అక్కడ తేల్చేది యూరప్ కస్టమ్స్ కోడ్‌లోని 60వ అధికరణం. ఒకటికి మించి దేశాల చేతులు పడిన వస్తువుకు చివరిసారిగా గణనీయమైన, ఆర్థికంగా అర్థమున్న పని ఎక్కడ జరిగిందో, ఆ పనికి తగిన సదుపాయాలున్న చోట జరిగిందో లేదో, దాని వల్ల కొత్త వస్తువు పుట్టిందా లేక తయారీలో ముఖ్యమైన దశ పూర్తయిందా అని చూస్తారు. కేవలం బిగింపుకు ఆ హోదా వస్తుందా అన్నది వాళ్ల కోర్టులోనే తేలింది. జపాన్ భాగాలతో తైవాన్‌లో బిగించిన బ్రదర్ కంపెనీ టైపు మిషన్ల కేసులో 1989లో కోర్టు ఒక గీత గీసింది. సాంకేతికంగా ఆ బిగింపు నిర్ణాయకమైన దశ అయి ఉండాలి, భాగాల ఉపయోగం ఖరారై వస్తువుకు దాని ప్రత్యేక గుణాలు ఆ దశలోనే రావాలి. అప్పుడే బిగించిన దేశం మూలదేశం. ఆ పరీక్షతో తేలకపోతే అక్కడ జోడైన విలువను చూడవచ్చని కూడా చెప్పింది.

రేపు అమెరికా నుంచి ఎవరైనా అడిగితే అక్కడి పరీక్ష మరోలా ఉంటుంది. వస్తువు పేరు, స్వభావం, ఉపయోగం మారాయా అని అడుగుతారు. ఎనర్జైజర్ టార్చిలైటు కేసు గుర్తుంచుకో. ఎక్కువగా చైనా నుంచి తెచ్చిన 50 దాకా భాగాలను అమెరికాలోని వెర్మాంట్‌లో బిగించారు. 2016లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం ఆ పని చాలదంది. ఆ భాగాలు దిగుమతి అయినప్పుడే టార్చిలైటు కోసమని ఖరారై ఉన్నాయి, బిగించడంతో వాటి ఉపయోగం మారలేదు అన్నది తీర్పు సారం. తమ దేశంలో బిగించిన వస్తువుకే వాళ్లు ఆ మాట అన్నారంటే, మన వస్తువుకు సడలింపు ఇస్తారని ఎందుకు అనుకోవాలి?

నీ విషయంలో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఆ షెన్‌జెన్ సరఫరాదారు ఇస్తానన్న పూర్తి కిట్. సర్క్యూట్ బోర్డు, క్యాబినెట్, వైర్లు, స్క్రూలు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి, చౌక కూడా అన్నావు. ఆ పెట్టె జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. సుంకాల వర్గీకరణకు సాధారణ వివరణ నియమాలు ఉన్నాయి. వాటిలో 2(ఎ) ప్రకారం విడదీసి తెచ్చిన పూర్తి వస్తువును కూడా బిగించిన వస్తువు కిందే లెక్కిస్తారు. అంటే ఆ కిట్ మన రేవులో దిగినప్పుడే, చార్జర్లు వచ్చే 8504.40 అనే వర్గం సంఖ్య కింద చార్జరు. నువ్వు బిగించి పంపేదీ 8504.40. వర్గం మారనే లేదు. ఒప్పందాలు అడిగేది మారిందా లేదా అనే. పైగా ప్యాకింగ్, లేబుల్ అంటించడం, సాధారణ బిగింపు వంటి పనులతో మూలదేశం హోదా రాదని దాదాపు ప్రతి ఒప్పందంలో ఒక జాబితా ఉంటుంది.

భాగాలు నింపిన బోర్డు ఒక్కటే తెప్పించుకుంటే? అది మామూలుగా 8504.90, చార్జరు భాగం. అయితే చార్జరు ముఖ్య స్వభావమంతా ఆ బోర్డులోనే ఉందని అధికారి భావిస్తే, అదే 2(ఎ) కింద అసంపూర్ణ చార్జరుగా మళ్లీ 8504.40కి చేరవచ్చు. ఖాళీ బోర్డు 8534, కెపాసిటర్లు 8532, రెసిస్టర్లు 8533, ఐసీలు 8542గా విడివిడిగా తెచ్చి, పిక్ అండ్ ప్లేస్ మిషన్‌తో ఇక్కడే అమర్చి, రీఫ్లో ఓవెన్‌లో సోల్డరింగ్ చేయించి, ప్రోగ్రామ్ ఎక్కించి, పరీక్షిస్తే నీ వాదనకు బలం వస్తుంది. సొంత లైను లేకపోతే జాబ్ వర్కుకు ఇవ్వు. అంబత్తూరు, గిండీ పారిశ్రామికవాడల్లో విచారిస్తే ఆ పని చేసేవాళ్లు దొరుకుతారు. ఖర్చు పెరుగుతుంది. కానీ మూలదేశం నిలబడేది ఆ దశ మీదే.

ఇక వియత్నాం. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో భారత్‌కు సుంకం రాయితీ ఒప్పందం 2010 జనవరి 1 నుంచి ఉంది. అందులో సాధారణ నియమానికి రెండు కాళ్లు: దిగుమతి భాగాల వర్గం ఆరంకెల స్థాయిలో మారాలి, ఎఫ్‌ఓబీ ధరలో (సరుకు ఓడకెక్కించేదాకా అయ్యే ధర) ఒప్పంద దేశాల విలువ కనీసం 35 శాతం ఉండాలి. రెండూ కావాలి. తిప్పి చూస్తే బయటి భాగాల విలువ 65 శాతం దాటకూడదు. ఇక్కడే చాలామంది జారిపోతారు. మూలం తెలియని భాగాలను కూడా బయటివాటితోనే కలపాలి.

ఉదాహరణకు ఒక చార్జరు ఎఫ్‌ఓబీ ధర 4000 రూపాయలు అనుకుందాం. నేరుగా దిగుమతి చేసుకున్న భాగాలు 2300. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో కొన్న వైర్లు, కనెక్టర్లు, హీట్ సింకులు 400. వాటికి బిల్లు ఉంది గానీ ఏ దేశంలో తయారయ్యాయో కాగితం లేదు. మొత్తం 2700, అంటే 67.5 శాతం. పోయింది. అవే సరుకులను మన దేశపు తయారీదారు దగ్గర రాతపూర్వక ప్రకటనతో కొంటే 57.5 శాతం. నిలిచింది. ఇప్పుడు కొనుగోలుదారు బతిమాలాడు కదా అని నువ్వు ధరను 3500కు దించావనుకో. అదే 2300 ఇప్పుడు 65.7 శాతం. మళ్లీ పోయింది! ధర మాట్లాడేటప్పుడే ఈ లెక్క నీ ముందు ఉండాలి. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. థాయ్‌లాండ్ వంటి ఆసియాన్ దేశంలో పుట్టిన భాగాన్ని సరైన ఫామ్ ఏఐతో (ఈ ఒప్పందానికి వాడే మూలదేశ ధ్రువపత్రం) తెస్తే దాన్ని మన లెక్కలోకి కలుపుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో అది తప్పక పరిశీలించు.

అయితే అలా రాయితీ సుంకంతో భాగాలు తెస్తే, వాటి మూలం గురించి జవాబుదారీ నువ్వే. 2020 సెప్టెంబరు 21 నుంచి అమలైన కరోటార్ అనే మన కస్టమ్స్ నిబంధనల ప్రకారం ధ్రువపత్రం ఒక్కటే చాలదు. ఆ భాగం ఎలా తయారైందో, ఏ ప్రమాణంతో అర్హత పొందిందో సమాచారం నీ దగ్గర ఉండాలి, అయిదేళ్లు దాచాలి. సరఫరాదారు ఇవ్వనంటే ఆ రాయితీ అడగకు.

కాగితాల గురించి నువ్వు విసుక్కుంటావని తెలుసు. అయినా చెబుతాను, ఎందుకంటే సరుకు వెళ్లిన చాలా నెలల తర్వాత కూడా అక్కడి కస్టమ్స్ వాళ్లు ధ్రువపత్రం జారీ చేసిన సంస్థ ద్వారా వివరాలు అడగవచ్చు. అప్పుడు మన మాటలకు విలువ ఉండదు. ప్రతి మోడల్‌కు బీఓఎం (వాడిన భాగాలన్నిటి జాబితా), అందులో ప్రతి వరుసకు హెచ్ఎస్ సంఖ్య (పైన చెప్పిన వర్గం సంఖ్య), మూలదేశం, ధర, దానికి ఆధారమైన బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) లేదా తయారీదారు ప్రకటన పెట్టు. జాబ్ వర్కు చలాన్లు, ఏ మిషన్ మీద ఏ పని జరిగిందో చూపే ప్రాసెస్ షీటు, కాస్ట్ అకౌంటెంట్ సంతకం చేసిన ధర పత్రం కూడా చేర్చు. ఒక భాగాన్ని వేరే సరఫరాదారు నుంచి తెచ్చిన రోజే ఆ వరుస మార్చాలి. సంవత్సరాంతంలో గుర్తు చేసుకుని రాసే పత్రం పరీక్షకు నిలవదు.

ధ్రువపత్రం దరఖాస్తు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) ఆన్‌లైన్ వేదికలో చేసుకోవాలి. వియత్నాంకు ఫామ్ ఏఐ. జర్మనీకి మామూలు ధ్రువపత్రం, అది ఏ సుంకం రాయితీ ఇవ్వదు. ఓడ కొలంబోలోనో సింగపూర్‌లోనో సరుకు మార్చుకునేట్టయితే, చెన్నై నుంచి గమ్యం దాకా ఒకే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా పత్రం) ఉండేలా సరుకు పంపే ఏజెంటుకు చెప్పు.

జర్మనీ కొనుగోలుదారుకు ఒక మాట రాయి. మూలదేశం గురించి తాము కట్టుబడి ఉండే సమాచారం ఇమ్మని అక్కడి కస్టమ్స్‌ను ముందే అడగవచ్చు. ఇచ్చిన జవాబు మూడేళ్లు చెల్లుతుంది. నీ ప్రాసెస్ షీటు, బీఓఎం అతనికి ఇచ్చి దరఖాస్తు చేయించు. ఆ జవాబు చేతికి వచ్చేవరకు పెట్టె మీద మేడ్ ఇన్ ఇండియా ముద్ర అచ్చు వేయించవద్దు. ఎంత ఒత్తిడి చేసినా సరే. దేశం పేరు మన సరుకు మీద వేసే హక్కును నేను చాలా గౌరవంగా చూస్తాను తల్లీ. అది నిజమైనప్పుడే వేయాలి.

ఆదివారం లోపు బీఓఎం పంపు. ఏ వరుసకు కాగితం లేదో ఎర్రగా గుర్తు పెట్టు. ముందు రిచీ స్ట్రీట్ సరుకుల సంగతి తేలుద్దాం. షెన్‌జెన్ అతనికి కిట్ ధరకు బదులు విడి భాగాల ధరలు, ఒక్కో దానికి హెచ్ఎస్ సంఖ్యతో, పంపమని ఈ రోజే రాసేయి.

మీ మామయ్య