జెట్ స్ట్రీమ్ అంచులను చదవవలసిన తీరు

విశాఖపట్నం

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

మబ్బు లేని ఆకాశంలో విమానాలను కుదిపే అలజడిని, అంటే క్లియర్ ఎయిర్ టర్బులెన్స్‌ను, నీ ప్రాజెక్టుకు ఎంచుకున్నావని తెలిసి సంతోషించాను. విమానంలోని వాతావరణ రాడార్ వాన చినుకులను పట్టగలదు గాని ఒట్టి గాలిని పట్టలేదు కనుక, ఇక్కడ ముందస్తు హెచ్చరిక చాలావరకు లెక్క మీదనే ఆధారపడుతుంది.

జెట్ స్ట్రీమ్ అంటే చాలా ఎత్తున నదిలా వేగంగా సాగే గాలి పట్టీ. దాని మ్యాపులో గాలి అత్యధిక వేగంతో ఉన్న చోటును చూపి కుదుపులు అక్కడే ఉంటాయని రాయవద్దు. జెట్ నడిమి గాలి తరచు నున్నగానే సాగుతుంది. ఎత్తుతో పాటు వేగం చకచకా మారే పొరలు దానికి పైనా కిందా, అందులోనూ ధ్రువం వైపు అంచున, ఎక్కువగా కనిపిస్తాయి. పొర స్థిరత్వాన్ని, అంటే గాలి పైకీ కిందికీ కదలడాన్ని ఆ పొర ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలతను, ఆ వేగభేదపు వర్గంతో భాగిస్తే రిచర్డ్‌సన్ సంఖ్య వస్తుంది. అది 0.25 కంటే తగ్గినప్పుడు వేర్వేరు వేగాల గాలి పొరల నడుమ పుట్టే కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ తరంగాలు లేచి, చుట్టుకొని, విరిగిపోయే అవకాశం ఏర్పడుతుంది. స్థిరత్వం 0.0001 ఉన్న చోట కిలోమీటరు ఎత్తుకు గాలి వేగం సెకనుకు 25 మీటర్లు మారితే, ఆ సంఖ్య 0.16.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. మ్యాపుల్లో కనిపించే 250, 200 హెక్టోపాస్కల్ వాయుపీడన స్థాయిల నడుమ దూరం సుమారు కిలోమీటరున్నర. ఆ రెండింటితోనే లెక్క వేస్తే, నడుమ కొన్ని వందల మీటర్ల మందంలో దాగిన ప్రమాదకరమైన పొర సగటులో కలిసిపోయి, జవాబు 1 దాకా వచ్చి నిన్ను నిశ్చింతగా ఉంచుతుంది. పైగా కొండల మీదుగా లేచిన గురుత్వ తరంగం (పైకి లేచిన గాలిని బరువు కిందికి లాగడంతో పుట్టే అల) ఒకటి ఆ పొరలోకి వస్తే, వేగభేదం ఆ కాసేపు ఇంకా పెరుగుతుంది. అందువల్ల రేడియోసాండ్ (బెలూన్‌తో పైకి పంపే వాతావరణ పరికరం) పూర్తి వివరాలను తీసుకొని, సగటు 1 కంటే తగ్గిన ప్రతి పొరనూ అనుమానించు.

విశాఖ బెలూన్ దగ్గర ఉందని దానితోనే సరిపెట్టుకోవద్దు. శీతాకాలపు పడమటి జెట్ నడిమి భాగం ఉత్తర భారతం మీద ఉంటుంది కనుక ఢిల్లీ, లక్నో, పాట్నా వివరాలు కావాలి. వర్షాకాలంలో మన నెత్తిన సాగే తూర్పు జెట్, 1958లో వాతావరణ శాస్త్రవేత్త కోటేశ్వరం గారు లోకానికి వివరించినది, సాధారణంగా ప్రయాణికుల విమానాలు తిరిగే ఎత్తు కంటే పైనే ఉంటుంది. దాన్ని వేరే అధ్యాయంగా ఉంచు.

పైలట్ల నివేదికలతో పోల్చేటప్పుడు, నివేదిక లేదంటే గాలి ప్రశాంతంగా ఉందని అనుకోవద్దు; ఆ దారిన విమానమే వెళ్లకపోయి ఉండవచ్చు. ఒకే అలజడి చిన్న విమానానికి తీవ్రంగా, పెద్దదానికి స్వల్పంగా తోస్తుంది కనుక, విమానం రకాన్ని తప్పక నమోదు చేయి. ముందు ఒక జనవరి నెల ఢిల్లీ పట్టిక తయారు చేసి నాకు పంపు.

ఇట్లు,
పెదనాన్న