తొర్ర కింద నిలబడొద్దు

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

మీ చేని గట్టుమీది ముసలి వేపమానులో రామచిలుకలు చేరినాయని రాసినావు, చానా సంతోషం. మన కడప పక్క సంక్రాంతి మొదలు ఉగాది దాటేదాకా వాటికి పిల్లల కాలమే.

మొదట మాను మొదట్లో చూడు. చెక్కపొట్టు రాలి, తొర్ర అంచు కొత్తగా కొరికినట్టు తెల్లగా ఉంటే లోపల పని మొదలైనట్టే. చిలుక గూడల్లదు. ఆ పొట్టుమీదే మూడు నాలుగు తెల్లటి గుడ్లు పెట్టి, 22-24 రోజులు పొదుగుతుంది. పొదిగేది ఎక్కువగా ఆడదే. మెడచుట్టూ నలుపు, గులాబి పట్టె ఉన్న మగది మేత తెచ్చి, తల పైకీ కిందికీ ఊపుతూ కక్కి దాని నోటికందిస్తుంది. ఆడది తల మాత్రం బయటపెట్టి అందుకుంటుంది. అది చూసినావంటే ఆ పూట ఇల్లు గుర్తుకురాదు!

100 అడుగులన్నా ఎడంగా, ఏదైనా చెట్టు చాటున కూర్చో. బైనాక్యులర్ తెచ్చుకో. తొర్ర కిందే నిలబడితే బయటికి పోయిన ఆడది లోపలికి రాదు, గుడ్లు చల్లారిపోతాయి. నువ్వు మాటిమాటికీ పోయే చోటును కాకి కూడా కనిపెడుతుంది.

కన్నుకంటే చెవి ముఖ్యం. ఉడుతలు ఆపకుండా కిచకిచమంటూ, గోరింకలు గుమిగూడి గోల చేస్తున్నాయంటే మానుమీద జెర్రిపోతో ఉడుమో ఉన్నట్టు. అప్పుడు కట్టె పట్టుకొని పరుగెత్తొద్దు. చిలుకపిల్లను పాము తింటే కడుపు తరుక్కుపోతుంది, నిజమే. అయినా దాని బతుకూ అదే కదా, ఊరికే చూడు. డేగ మాత్రం చప్పుడు లేకుండా వస్తుంది. ఆరేడు వారాలకు పిల్లలు తొర్ర విడిచి తడబడుతూ ఎగిరే రోజుల్లో దాని భయం ఎక్కువ.

నాకు అన్నిటికంటే భయం మనుషులతోనే. చెట్టెక్కి పిల్లల్ని తీసి అమ్ముకునేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చిలుకను పట్టినా, పంజరంలో పెట్టినా నేరమే. 2018లో మన రాష్ట్ర పక్షి అయింది కూడా. ఫోటో పెట్టుకో, ఏ ఊరో ఏ చేనో మాత్రం రాయొద్దు.

ఆ మాను ఎండుకొమ్మ పొయ్యిలోకి కొట్టిస్తానంటున్నాడంట మీ నాయన. తొర్ర పడేంత ముసలి కొమ్మ మళ్లీ కావాలంటే ఏండ్లు పడుతుంది. బావతో నేనే మాట్లాడతా, అందాకా గొడ్డలి పడనీయొద్దు.

మీ మామ